నా అమీబా 18ఎస్ చెట్టు మొదట్లో చేరింది, బూట్‌స్ట్రాప్ 98 వచ్చింది. నమ్మవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆక్సిజన్ తక్కువున్న మంచినీటి బురద నుంచి వేరుచేసి పెంచుతున్న ఒక అమీబా 18ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువును (రైబోజోమ్ చిన్న ఉపఖండపు ఆర్ఎన్ఏను ఇచ్చేది, జీవుల చుట్టరికం పోల్చడానికి వాడతారు) పీసీఆర్‌తో పెంచి, దాని అక్షరాల వరుసను, అంటే సీక్వెన్స్‌ను, సాంగర్ పద్ధతిలో చదివించారు. తెలిసిన సీక్వెన్సులతో పోల్చి చూసే బ్లాస్ట్‌లో దొరికిన అతి దగ్గరి పోలిక 86 శాతమే. మెగా అనే సాఫ్ట్‌వేర్‌లో నైబర్-జాయినింగ్ (సీక్వెన్సుల మధ్య దూరాలను బట్టి కట్టే) వంశవృక్షం కడితే అది జియార్డియా, మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల పక్కన, వేరుకు దగ్గరగా వచ్చింది, బూట్‌స్ట్రాప్ 98. దీన్ని యూకారియోట్లలో (కణంలో కేంద్రకం ఉన్న జీవుల్లో) అతి పురాతన శాఖ అనుకోవచ్చా, కాకపోతే అసలు స్థానం తేల్చడం ఎలా అన్నది మీ ప్రశ్న. పక్కన ఒక ప్లాస్మోడియం (మలేరియా పరాన్నజీవి) చెట్టు సంగతి కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే, అనుకోకూడదు. 18ఎస్ ఒక్కటే చేతిలో ఉంటే "ఈ జీవి ఏ ప్రజాతికి, ఏ కుటుంబానికి దగ్గర" అన్నదాకా నమ్మకంగా చెప్పవచ్చు. పెద్ద సమూహాలు ఏ వరుసలో విడిపోయాయో చెప్పే శక్తి ఆ జన్యువుకు లేదు. వేగంగా మారిపోయిన సీక్వెన్స్ ఏదైనా చెట్టు మొదట్లోకి జారుతుంది. మీది కూడా అలా జారి ఉండొచ్చు, లేదా సీక్వెన్స్‌లోనే తేడా ఉండొచ్చు. ముందు రెండోది తేల్చుకోండి, ఎందుకంటే దాని మొదటి పరీక్షలు ఒక పూటలో అయ్యే పని.

బూట్‌స్ట్రాప్ 98 సంగతి మొదట చూద్దాం. ఫెల్సెన్‌స్టీన్ 1985లో ప్రతిపాదించిన ఈ పద్ధతి అలైన్‌మెంట్‌లోని (సీక్వెన్సులను ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టికలోని) నిలువు వరుసలను మళ్ళీ మళ్ళీ కలిపి తీసి, ప్రతిసారీ అదే కొమ్మ వస్తుందా అని చూస్తుంది. అంటే అది కొలిచేది డేటా నిలకడను. మోడల్ (అక్షరాలు ఎలా మారతాయన్న గణిత అంచనా) తప్పయితే, డేటా ఎంత ఎక్కువుంటే తప్పు కొమ్మకు అంత ఎక్కువ మార్కులు పడతాయి. ఇదే ఫెల్సెన్‌స్టీన్ 1978లోనే పొడవాటి కొమ్మలు ఒకదాన్నొకటి లాక్కుంటాయని గణితంతో చూపించాడు. డీఎన్ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు. రెండు వంశాలు విడివిడిగా విపరీతంగా మారితే, సంబంధం ఏమీ లేకపోయినా చాలా స్థానాల్లో కాకతాళీయంగా ఒకే అక్షరం వచ్చి పడుతుంది. సరళమైన మోడల్ ఆ కాకతాళీయాన్ని చుట్టరికంగా లెక్కేస్తుంది. వేరు ఎక్కడో చూపడానికి మీరు ఆర్కియా (కేంద్రకం లేని దూరపు సూక్ష్మజీవులు) సీక్వెన్స్ పెట్టి ఉంటే అన్నిటికంటే పొడవైన కొమ్మ అదే, మిగతా పొడవాటి కొమ్మలన్నీ దాని దగ్గరికే చేరతాయి.

మైక్రోస్పోరిడియా కథ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ, మీ చెట్టులో కూడా అవే ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వీటి చిన్న ఉపఖండపు ఆర్ఆర్ఎన్ఏ సుమారు 1,300 బేసులే, బ్యాక్టీరియా దానికంటే కూడా పొట్టిది. విడిగా 5.8ఎస్ అనే చిన్న ఆర్ఆర్ఎన్ఏ లేదు, అది కూడా బ్యాక్టీరియాలో లాగే పెద్ద ఉపఖండంలో కలిసిపోయి ఉంటుంది. మైటోకాండ్రియా కనిపించలేదు. 1987లో వచ్చిన ఆర్ఆర్ఎన్ఏ చెట్టు వీటిని యూకారియోట్ల మొదట్లో పెట్టింది. మైటోకాండ్రియా రాకముందే విడిపోయిన ఆర్కిజోవా అనే వర్గం ఉందన్న ఊహకు ఇది చక్కగా అతికింది. తర్వాత ట్యూబ్యులిన్, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ పెద్ద ఉపఖండం లాంటి ప్రోటీన్లతో చెట్లు కట్టేసరికి ఇవి శిలీంధ్రాల పక్కకు వెళ్ళాయి. 2001లో ఎన్‌సెఫలిటోజోవన్ క్యునిక్యులై జీనోమ్ చదివారు. మొత్తం 29 లక్షల బేసులు, సుమారు 2,000 ప్రోటీన్ జన్యువులు. 2002లో మైక్రోస్పోరిడియా కణంలోనే మైటోకాండ్రియా అవశేషమైన మైటోసోమ్ కనిపించింది, మరుసటి ఏడాది జియార్డియాలోనూ. పరాన్నజీవిగా బతుకుతూ అన్నీ వదిలించుకున్న జీవిని మనం ఆదిమ జీవి అనుకున్నామన్నమాట. పొట్టిగా, సాదాగా కనబడటం పాతదనానికి గుర్తు కాదు.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎంటమీబా, మాస్టిగమీబా అనే అమీబాలు. 18ఎస్ చెట్లలో ఇవి చాలాకాలం వేర్వేరు చోట్ల, మొదలుకు దగ్గరగా వచ్చేవి. 2002లో 100కు పైగా జన్యువులు కలిపి చూసినప్పుడు డిక్టియోస్టీలియం అనే నేల అమీబాతో కలిసి ఒకే గుంపులో చేరాయి. ఇవాళ వాటి స్థానం అమీబోజోవా అనే పెద్ద గుంపు, అందులో ఆర్కమీబాలు అనే ఉపవర్గం. మీ జీవి ఆక్సిజన్ తక్కువున్న బురదలోంచి వచ్చింది కాబట్టి నా మొదటి అనుమానం ఆర్కమీబాల మీదికే పోతుంది. మీ చెట్టులో వాటి సీక్వెన్సులు ఎన్ని పెట్టారో రాయలేదు. ఒక్కటీ లేకపోతే మీ జీవికి చేరడానికి ఇల్లే లేదు.

ఇప్పుడు సీక్వెన్స్ పరీక్ష.

జెల్‌లో బ్యాండ్ (పీసీఆర్‌లో పెరిగిన డీఎన్ఏ పొడవు చూపే గీత) ఎక్కడ పడింది? చాలా యూకారియోట్లకు 18ఎస్ పూర్తి పొడవు సుమారు 1,800 బేసులు. అకాంథమీబాలో 2,300 దాకా ఉంటుంది. నేగ్లేరియా గ్రూబెరైలో జన్యువు మధ్యలో సుమారు 1,300 బేసుల గ్రూప్-1 ఇంట్రాన్ (ఆర్ఎన్ఏ నుంచి తర్వాత కత్తిరించి పడేసే అదనపు ముక్క) ఉంటుంది, దాన్ని తీసేయకుండా అలైన్‌మెంట్‌లో పెడితే పక్కనున్న స్థానాలన్నీ కదిలిపోతాయి. సాంగర్ రీడ్ ఒక్కోవైపు నుంచి 700-800 బేసులే నమ్మదగ్గది. రెండు చివరల ప్రైమర్లతోనే (చదవడం మొదలుపెట్టించే చిన్న డీఎన్ఏ ముక్కలతోనే) చదివిస్తే మధ్యలో 200-400 బేసులు ఒక్క రీడ్ మీదే, అదీ దాని పాడైన తోక మీదే ఆధారపడతాయి. లోపలి ప్రైమర్లు కనీసం రెండు వాడండి. క్రోమాటోగ్రామ్ (ఒక్కో అక్షరానికి ఒక శిఖరం చూపే గ్రాఫ్) తెరిచి చూడండి. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న శిఖరాలు ఒక చోట నుంచి ఉన్నట్టుండి జంటగా మారితే, ఒకటికి మించిన రకాల కాపీలు ఉన్నాయని, వాటిలో ఒకదానిలో అక్షరం చేరిందో పోయిందో అని అర్థం. అలాంటప్పుడు నేరుగా చదివించకుండా, ఒక్కో కాపీని బ్యాక్టీరియాలో విడిగా పెంచి (క్లోన్ చేసి) ఏడెనిమిది కాలనీలు చదివించాలి.

తర్వాత కైమెరా, అంటే రెండు జీవుల ముక్కలు అతుక్కున్న సీక్వెన్స్. సీక్వెన్స్‌ను మూడు ముక్కలు చేసి (మొదటి 600, మధ్య 600, మిగతాది) విడివిడిగా బ్లాస్ట్ చేయండి. మొదటి ముక్కకు అమీబా, చివరి ముక్కకు పచ్చ శైవలం తగిలితే మీ చేతిలో ఉన్నది రెండు జీవుల అతుకు. పీసీఆర్‌లో సగం కట్టిన పోగు తర్వాతి చక్రంలో వేరే జీవి డీఎన్ఏ మీద ప్రైమర్‌లా అతుక్కుని ఇది పుడుతుంది. చక్రాలను 35 నుంచి 28-30కి తగ్గించి, 72 డిగ్రీల దగ్గర సాగదీసే సమయం 2 నిమిషాలు ఇస్తే బాగా తగ్గుతుంది. సరిపడా బ్యాండ్ రాకపోతే చక్రాలు పెంచొద్దు, ఎక్కువ కణాల నుంచి డీఎన్ఏ తీయండి.

కల్చర్‌లో ఇంకేం ఉన్నాయి? సార్వత్రిక యూకారియోట్ ప్రైమర్లు అమీబానూ, అది తిన్న శైవలాన్నీ, నీటిలో తేలే చిన్న కశాభ (కొరడా లాంటి తోక ఉన్న) జీవులనూ సమానంగా చూడవు. పొట్టి జన్యువు ఉన్నదాన్ని ముందు పెంచుతాయి. మీ మైక్రోస్కోప్ కింద కనిపించేది అమీబా, ట్యూబులో పెరిగింది పక్కనున్న కశాభ జీవి కావచ్చు. దీనికి మందు ఒక్కటే. సన్నగా సాగదీసిన గాజు పిపెట్‌తో ఒకే కణాన్ని పట్టుకుని, వడగట్టిన మాధ్యమం చుక్కల్లో మూడు నాలుగు సార్లు ఒక చుక్కలోంచి మరో చుక్కలోకి మార్చి కడగాలి. కడిగిన చివరి చుక్క నీటిని కూడా విడిగా పీసీఆర్‌లో పెట్టాలి. ఆ నీటిలో బ్యాండ్ వస్తే ఇంకా కడగాలి. ఇలా కనీసం మూడు కణాల నుంచి అదే సీక్వెన్స్ వచ్చాకే అది మీ అమీబాదని రాయండి.

ఇవన్నీ దాటితే చెట్టు మళ్ళీ కట్టండి, ఈసారి ఇలా:

పోలిక సీక్వెన్సులను బ్లాస్ట్ జాబితా నుంచి ఏరొద్దు, అందులో పేరు తప్పుగా పెట్టినవి చాలా ఉంటాయి. ప్రోటిస్టుల (అమీబా లాంటి సూక్ష్మ యూకారియోట్ల) కోసం పీఆర్2, లేకపోతే సిల్వా డేటాబేస్ తీసుకోండి. అమీబోజోవా ప్రతి ఉపవర్గం నుంచి నాలుగైదు, అందులో పొట్టి కొమ్మలవి తప్పకుండా ఉండాలి. పేరులో అమీబా అని ఉన్నంతమాత్రాన అన్నీ చుట్టాలు కావు. నేగ్లేరియా డిస్కోబా అనే వేరే పెద్ద గుంపులో ఉంది, న్యూక్లియారియా శిలీంధ్రాల పక్కన ఉంది, సన్నటి దారాల్లాంటి పాదాలున్నవి చాలా మటుకు రైజేరియా అనే మరో గుంపులో ఉన్నాయి. వీటి నుంచీ కొన్ని పెట్టండి. ఆర్కియాను పూర్తిగా తీసేయండి. మీ ప్రశ్న అమీబోజోవా లోపలా బయటా అన్నదే అయితే జంతు-శిలీంధ్రాల గుంపు నుంచి కొన్నిటిని బయటి సమూహంగా (వేరు ఎక్కడో చూపే దూరపు పోలికగా) పెడితే చాలు.

అలైన్‌మెంట్‌కు మాఫ్ట్ అనే ప్రోగ్రామ్ వాడండి. పొడవాటి చొప్పింతలు (మధ్యలో చేరిన అదనపు ముక్కలు) ఉన్న అమీబాలకు అందులో ఈ-ఐఎన్ఎస్-ఐ పద్ధతి నప్పుతుంది, సీక్వెన్సులు 200 లోపు ఉంటే సమయం కూడా పెద్దగా పట్టదు. తర్వాత కంటితో చూడండి. మార్పులు విపరీతంగా ఉండే వీ4 లాంటి భాగాల్లో మీ సీక్వెన్స్ ఇతరులతో నిజంగా పొంతన కుదిరిందా, లేక ఖాళీలు పెట్టి ఈడ్చి కూర్చోబెట్టిందా? పొంతన లేని వరుసలను ట్రిమ్‌ఏఎల్ లేదా బీఎంజీఈ ప్రోగ్రామ్‌తో కోసేయండి. యూకారియోట్లన్నీ కలిపిన 18ఎస్ అలైన్‌మెంట్‌లో కోత తర్వాత సుమారు 1,200 నుంచి 1,500 స్థానాలు మిగలడం మామూలు. కోత మరీ తక్కువైతే గోల పెరుగుతుంది, మరీ ఎక్కువైతే దగ్గరి బంధువులను విడదీసే సమాచారం పోతుంది. రెండు రకాల కోతతోనూ చెట్టు కట్టి తేడా చూడటం మంచి అలవాటు.

నైబర్-జాయినింగ్ ఈ పనికి పనికిరాదు. ముఖ్యంగా పీ-డిస్టెన్స్ (తేడా ఉన్న స్థానాల శాతాన్నే దూరంగా తీసుకోవడం) అని పెట్టి ఉంటే, ఒకే స్థానం రెండు మూడు సార్లు మారిన సంగతి దానికి కనిపించదు, పొడవాటి కొమ్మలు పొట్టిగా లెక్కకొస్తాయి. చెట్లు కట్టే ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌లో మోడల్‌ఫైండర్‌ను మోడల్ ఎంచుకోనివ్వండి. 18ఎస్‌కు తరచూ జీటీఆర్ అనే మోడల్, దానికి తోడు స్థానాల వేగాల్లో తేడాలను లెక్కలోకి తీసుకునే గామా లేదా ఫ్రీ-రేట్ వస్తుంది. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (బూట్‌స్ట్రాప్‌కు వేగవంతమైన రూపం) 1,000 సార్లు నడపండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అల్ట్రాఫాస్ట్‌లో 95 దాటితేనే గట్టిదని అర్థం, పాత బూట్‌స్ట్రాప్‌లో వాడే 70 గీత దీనికి వర్తించదు. దాంతోపాటు ఎస్‌హెచ్-ఏఎల్ఆర్‌టీ అనే మరో కొమ్మ పరీక్ష విలువ 80 దాటాలి.

ఆపై అసలు పరీక్ష. చెట్టులోంచి జియార్డియా, మైక్రోస్పోరిడియాలను తీసేసి మళ్ళీ కట్టండి. మీ అమీబా అక్కడే ఉండిపోయిందా, లేక లేచి వేరే గుంపులోకి వెళ్ళిందా? వెళ్ళిపోతే అది ఇంతకుముందు కొమ్మ పొడవుకు లోబడే అక్కడుంది. ఇంకో పద్ధతి, అత్యంత వేగంగా మారే స్థానాలను విడతలవారీగా తీసేస్తూ పోవడం. స్థానం తీసే కొద్దీ బలపడే కొమ్మను నమ్మండి, కరిగిపోయే కొమ్మను అనుమానించండి. రెండు చెట్లలో ఏది డేటాకు సరిపోతుందో తేల్చడానికి ఏయూ అనే గణాంక పరీక్ష ఉంది. 18ఎస్‌తో "మొదట్లో ఉంది" అన్న చెట్టునూ "అమీబోజోవాలో ఉంది" అన్న చెట్టునూ అది రెండింటినీ తోసిపుచ్చలేకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. అదే నిజాయితీ గల ఫలితం, అలాగే రాయవచ్చు.

లోతైన స్థానం కావాలంటే ఒక జన్యువు వదిలి వందల ప్రోటీన్లకు వెళ్ళాలి. కల్చర్ బాగా పెరగకపోయినా పర్వాలేదు, ఒకే కణం నుంచి ట్రాన్స్‌క్రిప్టోమ్ (కణంలో పనిచేస్తున్న జన్యువుల ఆర్ఎన్ఏ అంతా) తీసే స్మార్ట్-సీక్2 తరహా పద్ధతులు ఇప్పుడు మామూలైపోయాయి. హెమిమాస్టిగోట్లు అనే కశాభ జీవులు ఏ పెద్ద గుంపుకూ చెందని ప్రత్యేక శాఖ అని 2018లో తేలింది ఇలా ఏరిన కణాలతోనే. ఈ పద్ధతి ఆర్ఎన్ఏ పాలీ-ఏ తోకను పట్టుకుంటుంది కాబట్టి బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ చాలావరకు బయటే ఉండిపోతుంది. కానీ అమీబా తిన్న శైవలానికి కూడా పాలీ-ఏ తోక ఉంటుంది, అది వడపోతలో ఆగదు. కణాలను ఏరే ముందు ఆహారం లేకుండా ఉంచి కడుపు ఖాళీ చేయించండి.

ఆ తర్వాత పని ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఫైలోఫిషర్ లాంటి సాధనంలో 240 ప్రోటీన్ల సిద్ధమైన సమాహారం ఉంది, మీ ట్రాన్స్‌క్రిప్టోమ్ నుంచి వాటికి సరిపోలే ప్రోటీన్లను అది వెతికి పెడుతుంది. వెతికి పెట్టింది కదా అని అన్నిటినీ నేరుగా ఒకే అలైన్‌మెంట్‌గా కలిపేయకండి. ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో చెట్టు కట్టి, ఒక్కొక్కటీ కళ్ళతో చూడాలి. ఆ చెట్లలో మూడు రకాల దొంగలు దొరుకుతారు. మొదటిది కలుషితం: ట్యూబ్యులిన్ చెట్టులో మీ అమీబా పచ్చ శైవలాల మధ్య బలంగా కూర్చుంటే అది ఆహారం తాలూకు జన్యువు. రెండోది నకలు జన్యువులు. హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రోటీన్ దీనికి చక్కటి పాఠం. కణద్రవంలో ఒకటి, అంతర్జీవద్రవ్య జాలంలో ఒకటి, మైటోకాండ్రియాలో ఒకటి ఉంటాయి. జాలంలోది సాధారణంగా కేడీఈఎల్ లేదా హెచ్‌డీఈఎల్ అనే నాలుగు అక్షరాలతో ముగుస్తుంది. ఒక జీవి నుంచి కణద్రవపు ప్రోటీన్, మరో జీవి నుంచి జాలపు ప్రోటీన్ తీసుకుంటే చెట్టు చూపేది జీవుల చీలికను కాదు, ఎప్పుడో జరిగిన జన్యు నకలును. మూడోది వేరే వంశం నుంచి అడ్డంగా వచ్చిన జన్యువు. కిరణజన్య జీవుల్లో ఇది మరీ ఎక్కువ, లోపల చేరిన శైవలం జన్యువులు కేంద్రకంలోకి తరలిపోయి ఉంటాయి.

అనువాద పట్టిక (ఏ మూడక్షరాల సంకేతం ఏ అమైనో ఆమ్లానికో చెప్పేది) కూడా చూసుకోండి. మీ అమీబాకు ప్రామాణిక కోడ్ సరిపోవచ్చు, కానీ పక్కన సీలియేట్లను (సన్నటి వెంట్రుకలతో ఈదే ఏకకణ జీవులను) పెడితే సరిపోదు. పారమీసియం, టెట్రాహైమీనాలలో యూఏఏ, యూఏజీ ఆగు సంకేతాలు కావు, గ్లూటమిన్‌ను సూచిస్తాయి. యూప్లోటీస్‌లో యూజీఏ సిస్టీన్‌ను సూచిస్తుంది. ప్రామాణిక పట్టికతో అనువదిస్తే ప్రోటీన్లు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ఆ సీలియేట్ సగం డేటా లేనిదిగా కనబడుతుంది. పారమీసియం, టెట్రాహైమీనాలకు ఎన్‌సీబీఐ పట్టిక 6, యూప్లోటీస్‌కు 10.

మోడల్ విషయంలో పిసినారితనం వద్దు. ప్రోటీన్‌లో ఒక్కో స్థానం కొన్ని అమైనో ఆమ్లాలనే ఒప్పుకుంటుంది, అన్ని స్థానాలకూ ఒకే ఎల్‌జీ మాతృక (అమైనో ఆమ్లాల మార్పుల పట్టిక) వేస్తే ఆ సంగతి పోయి పొడవాటి కొమ్మలు మళ్ళీ అతుక్కుంటాయి. కనీసం స్థానాల మధ్య తేడాలను లెక్కించే ఎల్‌జీ+సీ60+ఎఫ్+జీ మోడల్ వాడండి. మెమరీ చాలక కంప్యూటర్ మొరాయిస్తే దాని తేలిక రూపమైన పీఎంఎస్ఎఫ్ ఉంది, బూట్‌స్ట్రాప్ కూడా దాంతో చేతికందుతుంది. ఫైలోబేయస్ ప్రోగ్రామ్‌లో క్యాట్-జీటీఆర్ మోడల్ ఇంకా మంచిదే కానీ, కనీసం రెండు గొలుసులు (విడివిడిగా సాగే లెక్కలు) నడిపి వాటి గరిష్ఠ తేడా 0.3 లోపుకు, వీలైతే 0.1 లోపుకు వచ్చేదాకా ఆగాలి. పెద్ద డేటాకు అది చాలాసార్లు రాదు. రాని గొలుసుల చెట్టును ముద్రించడం కంటే సీ60 చెట్టునే చూపడం మేలు. ప్లాస్మోడియం ఫాల్సిపారం, డిక్టియోస్టీలియం లాంటి ఏ, టీ అక్షరాలు అతిగా ఉన్న జీనోములు పక్కపక్కన చేరితే, అమైనో ఆమ్లాలను నాలుగు లేదా ఆరు గుంపులుగా కుదించి మళ్ళీ కట్టి చూడండి. కుదించాక విడిపోతే ఆ జత చుట్టరికం కాదు, కూర్పు పోలిక మాత్రమే.

చెట్టుతో సంబంధం లేని సాక్ష్యం దొరికితే వదలొద్దు. ఈఎఫ్-1ఆల్ఫా ప్రోటీన్‌లో సుమారు 12 అమైనో ఆమ్లాల చొప్పింత జంతువులకూ శిలీంధ్రాలకూ ఉమ్మడిగా ఉంది. పాలీయుబిక్విటిన్ ప్రోటీన్‌లో వరుసగా వచ్చే యూనిట్ల మధ్య చేరిన ఒకటి రెండు అమైనో ఆమ్లాలే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవులను రైజేరియాలోని సెర్కోజోవాకు దగ్గర చేశాయి. ఫొరామినిఫెరా 18ఎస్ ఎంత వేగంగా మారిందంటే, 18ఎస్ చెట్టు ఒక్కటే నమ్ముకుంటే వాటి స్థానం ఎప్పటికీ తేలేది కాదు.

చివరగా, మీరు పక్కన రాసిన ప్లాస్మోడియం చెట్టు గురించి ఒక మాట. అందులో రక్తదశలో పనిచేసే ఏ-రకం, దోమలో పనిచేసే ఎస్-రకం ఆర్ఆర్ఎన్ఏ జన్యువులు వేర్వేరుగా ఉంటాయి, అవి మిగతా జీవుల్లోలా ఒకదాన్నొకటి సరిచేసుకోవు. ఒక జాతి నుంచి ఏ, మరో జాతి నుంచి ఎస్ తీసుకుంటే రెండూ అసలు కంటే దూరంగా కనిపిస్తాయి. ఏ-రకంతో ఏ-రకాన్నే పోల్చండి.

మీ బ్యాండ్ పొడవు, మూడు ముక్కల బ్లాస్ట్ ఫలితం, కడిగిన నీటి పీసీఆర్ ఏం చెప్పిందో రాస్తే మిగతాది అక్కడి నుంచి చూద్దాం. ఆర్కమీబా సీక్వెన్సులు చేర్చాక కూడా కదలకుండా ఉంటే మాత్రం, ట్రాన్స్‌క్రిప్టోమ్‌కు ఖర్చు పెట్టే ముందు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద మైటోకాండ్రియా మడతలు గొట్టాల్లా ఉన్నాయో, బల్లపరుపుగా ఉన్నాయో, అసలు మైటోకాండ్రియా ఉన్నాయో లేదో చూడండి. బల్లపరుపుగా ఉంటే డిస్కోబా వైపు, న్యూక్లియారియా వైపు సీక్వెన్సులు పెంచాలి, అసలు కనబడకపోతే ఆర్కమీబాల వైపు.